రెండు సెకన్ల గీత: గామా మెరుపుల వర్గీకరణ ఎక్కడ తడబడింది?

2021 డిసెంబర్ 11న ఆకాశంలో ఒక మూల నుంచి గామా కిరణాలు ఉన్నట్టుండి ఎగసిపడి, దాదాపు 50 సెకన్ల పాటు వెలిగి ఆరిపోయాయి. భూమి చుట్టూ తిరుగుతున్న ఫెర్మి, స్విఫ్ట్ ఉపగ్రహాలు రెండూ వాటిని నమోదు చేశాయి. ఏడాదికి వందల సంఖ్యలో కనిపించే మెరుపుల్లో అదొకటి కాబట్టి ఆ క్షణంలో ఎవరికీ వింతగా తోచలేదు. అంతసేపు వెలిగిందంటే ఏదో ఒక భారీ నక్షత్రం కుప్పకూలి ఉండాలి, రెండు మూడు వారాల్లో అదే చోట ఆ నక్షత్రపు పేలుడు, అంటే సూపర్నోవా, కాంతి పైకి తేలాలి. ఖగోళ శాస్త్రంలో చాలా ఏళ్లుగా స్థిరపడిన లెక్క అది. మెరుపు పుట్టిన గెలాక్సీ దూరం 110 కోట్ల కాంతి సంవత్సరాలే కనుక సూపర్నోవా ఉంటే టెలిస్కోపుల కంటబడకుండా దాక్కోవడానికి వీల్లేదు. అయినా అది కనిపించలేదు. దానికి బదులు నాలుగైదు రోజుల్లోనే పరారుణ కాంతిలో ఒక ఎర్రటి మినుకు కనబడి, అంతే వేగంగా సన్నగిల్లింది. సరిగ్గా అలాంటి మినుకే 2017లో రెండు న్యూట్రాన్ తారలు (భారీ నక్షత్రాలు పేలాక మిగిలే అతి చిక్కటి అవశేషాలు) ఢీకొన్నప్పుడు కనిపించింది. చిక్కేమిటంటే, అలాంటి ఢీకొనడాలు రెండు సెకన్ల లోపు మెరుపులనే ఇస్తాయని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి.

ఆ తర్వాతి నాలుగేళ్లలో ఇటువంటి ఉదాహరణలు మరికొన్ని చేరాయి. మెరుపు ఎంతసేపు వెలిగిందో చూసి అది దేనివల్ల పుట్టిందో చెప్పే అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది, అది ఎందుకు చాలాకాలం బాగానే పనిచేసింది, ఇప్పుడు ఎందుకు చాలడం లేదు అన్నది వివరంగా చూడవలసిన విషయం. విశ్వంలో బంగారం, ప్లాటినం లాంటి బరువైన మూలకాలు ఎక్కడ తయారయ్యాయన్న ప్రశ్న కూడా దీంతోనే ముడిపడి ఉంది.

గీత ఎలా పడింది

ఈ మెరుపులను, అంటే గామా కిరణ విస్ఫోటాలను, మొదట చూసినవి ఖగోళ పరిశోధన కోసం పంపిన ఉపగ్రహాలు కావు. 1963 నాటి అణుపరీక్షల నిషేధ ఒప్పందాన్ని ఎవరైనా అంతరిక్షంలో ఉల్లంఘిస్తున్నారేమో కనిపెట్టడానికి అమెరికా వేలా పేరుతో ఉపగ్రహాలను పంపింది. 1967 జులై 2న అవి ఒక మెరుపును నమోదు చేశాయి. అది ఏ బాంబు పోలికకూ సరిపడలేదు. తరువాతి ఉపగ్రహాల్లో ఒక్కొక్కదానికీ మెరుపు అందిన సమయాల్లోని తేడాలను బట్టి అవి భూమి నుంచి గానీ సూర్యుడి నుంచి గానీ రావడం లేదని తేల్చుకున్నాక, 1969 నుంచి 1972 వరకు కనిపించిన 16 మెరుపుల వివరాలను లాస్ అలమోస్ శాస్త్రజ్ఞులు 1973లో ప్రచురించారు.

అవి ఎంత దూరం నుంచి వస్తున్నాయన్నది మరో పాతికేళ్ల దాకా తేలలేదు. 1991లో కక్ష్యలోకి వెళ్లిన కాంప్టన్ అబ్జర్వేటరీలోని బ్యాట్సీ పరికరం తొమ్మిదేళ్లలో 2,704 మెరుపులను పట్టింది. అవి పాలపుంత పట్టీ వెంట గుమిగూడకుండా ఆకాశమంతటా సమంగా చెదిరి ఉన్నాయి. మన గెలాక్సీలోని నక్షత్రాలే వాటికి మూలమైతే అలా చెదిరి ఉండే అవకాశం తక్కువ. అయినా వాదం తెగలేదు. 1995లో వాషింగ్టన్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు బోదన్ పచిన్‌స్కీ, డొనాల్డ్ ల్యాంబ్ ఎదురెదురుగా నిలబడి, ఒకరు విశ్వపు దూరాలనీ మరొకరు పాలపుంత పరిసరాలనీ వాదించారు. 1997లో బెప్పోశాక్స్ ఉపగ్రహం ఒక మెరుపు తర్వాత మిగిలిన ఎక్స్‌రే వెలుగును కచ్చితంగా గుర్తించడంతో, దాని వెంటే మామూలు టెలిస్కోపులు కూడా ఆ చోటును చూడగలిగాయి. అదే ఏడాది మరో మెరుపు దూరాన్ని కొలిచేసరికి అది వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలిదని తేలిపోయింది. పచిన్‌స్కీ చెప్పిందే నిజమైంది.

ఈలోగా 1993లో క్రిసా కువెలియోటూ, ఆమె సహచరులు బ్యాట్సీ పట్టిన 222 మెరుపులను వాటి నిడివి ప్రకారం పేర్చి చూశారు. సెకనులో చిన్న భాగం మొదలుకొని వందల సెకన్ల వరకు విస్తరించిన ఆ పటంలో రెండు దిబ్బలు, వాటి మధ్య ఒక లోయ కనిపించాయి. లోయ ఉన్న చోటు సుమారు రెండు సెకన్లు. దానికి ఎడమవైపువి పొట్టి మెరుపులు, కుడివైపువి పొడుగు మెరుపులు అన్న పేర్లు అప్పటి నుంచి నిలిచిపోయాయి. పొట్టివాటి గామా కిరణాల్లో సగటు శక్తి ఎక్కువగా ఉండటం కూడా ఈ విభజనకు బలం చేకూర్చింది. అయితే ఆ గీత గణాంకాల నుంచి పుట్టిందన్న సంగతి మరువకూడదు. రెండు దిబ్బల అంచులు ఒకదాని మీదికి ఒకటి జారి ఉన్నాయని ఆ పటం మొదటి రోజునే చూపించింది. ఒక గుంపు గురించి నిజమైన మాట, ఆ గుంపులోని ప్రతి ఒక్కదాని గురించీ నిజం కానక్కరలేదు. నా దృష్టిలో తరువాత జరిగిన పొరపాటంతా ఆ చిన్న తేడాను మరచిపోవడంలోనే ఉంది. గీతను గీసినవారు అంత గట్టిగా చెప్పలేదు, వాడుకున్నవాళ్లమే గట్టిపరిచాం.

నిడివిని కొలవడమంటే ఏమిటి

మెరుపు నిడివి అనగానే బల్బు వేసి ఆర్పిన సమయంలా తోస్తుంది గానీ, అసలు కొలత అంత సూటిగా ఉండదు. ఫెర్మిలోని గామా పరికరంలో సోడియం అయొడైడ్ స్ఫటికాలు ఉంటాయి. గామా ఫోటాన్ ఒకటి స్ఫటికానికి తగిలితే అందులో అతి చిన్న కాంతి మెరుస్తుంది, వెనకనున్న గొట్టం దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి లెక్కలో ఒకటి కలుపుతుంది. ఏ విస్ఫోటమూ లేనప్పుడు కూడా ఈ లెక్క ఆగదు. విశ్వకిరణాల వల్ల, భూమి వాతావరణం వల్ల, చుట్టూ ఉన్న రేడియోధార్మికత వల్ల అది సదా సాగుతూనే ఉంటుంది. మెరుపు అంటే ఆ నిత్యపు మట్టం మీద లేచిన ఒక గుట్ట. ఆ గుట్టలోని మొత్తం లెక్కలో 5 శాతం పూర్తయిన క్షణం నుంచి 95 శాతం పూర్తయిన క్షణం దాకా పట్టిన కాలాన్ని నిడివిగా తీసుకుంటారు.

నీళ్లలో మునిగిన బండ లాగే, గుట్టలోని పలుచటి భాగాలు నేపథ్య మట్టంలో మునిగిపోతాయి. అందువల్ల ఒకే మెరుపు దగ్గర నుంచి చూస్తే పొడుగుగా, దూరం నుంచి చూస్తే శిఖరం మాత్రమే మిగిలి పొట్టిగా కనిపించవచ్చు. ఇంకోవైపు, విశ్వం విస్తరించడం వల్ల దూరపు సంఘటనలన్నీ మనకు సాగదీసినట్టు నెమ్మదిగా అందుతాయి. ఏ శక్తి పరిధిలో లెక్కిస్తున్నామన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. 2023 మార్చి 7న వచ్చిన మెరుపునే తీసుకుంటే, పైన చెప్పిన 90 శాతం కొలత ప్రకారం దాని నిడివి సుమారు 35 సెకన్లు, సన్నటి తోకతో సహా లెక్కిస్తే 200 సెకన్లు. రెండు అంకెలూ సరైనవే, ప్రశ్నలు వేరు. బ్యాట్సీ పటంలోని లోయ స్విఫ్ట్ పటంలో అదే చోట పడకపోవడానికీ కారణం ఇదే.

అయినా గీతకు అర్థం ఎందుకుంది

ఇన్ని లోపాలున్నా ఆ గీత కొంతకాలం చక్కగా పనిచేయడం కాకతాళీయం కాదు. మెరుపులోని వెలుగు వెయ్యో వంతు సెకనులో ఎగుడుదిగుడుగా మారుతూ ఉంటుంది. ఆ వ్యవధిలో కాంతి వెళ్లగలిగేది 300 కిలోమీటర్లే. ఇంత చిన్న చోటులో అంత శక్తిని పుట్టించగలిగేది అప్పుడే ఏర్పడిన కృష్ణబిలమో, తీవ్రమైన అయస్కాంత క్షేత్రంతో గిర్రున తిరిగే న్యూట్రాన్ తారో అయి ఉండాలి. దాని చుట్టూ సుడి తిరుగుతూ లోపలికి పడే పదార్థంలో కొంత భాగం రెండు ధ్రువాల వైపుల నుంచి కాంతి వేగానికి అతి చేరువలో సన్నటి ధారలుగా చిమ్ముతుంది. ధార మన వైపుకు గురిపెట్టి ఉంటే మనకు గామా మెరుపు కనిపిస్తుంది.

అంటే మెరుపు ఎంతసేపు వెలుగుతుందన్నది ప్రధానంగా ధారను నడిపే ఆ కృష్ణబిలం లేదా న్యూట్రాన్ తార అనే ఇంజన్‌కు మేత ఎంతసేపు అందుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. రెండు న్యూట్రాన్ తారలు కలిసిపోయినప్పుడు చుట్టూ మిగిలే పదార్థం సూర్యుడి ద్రవ్యరాశిలో పదో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. అది కూడా కొన్ని వందల కిలోమీటర్లలోనే పరచుకుని ఉంటుంది కాబట్టి చాలా భాగం సెకను, రెండు సెకన్లలో లోపలికి ఊడ్చుకుపోతుంది. భారీ నక్షత్రం కథ వేరు. దాని కేంద్రం కూలి కృష్ణబిలమైనా పై పొరలు లక్షల కిలోమీటర్ల దూరం నుంచి పడుతూ రావాలి కనుక మేత పదుల సెకన్ల పాటు అందుతుంది. పైగా ధార ఆ నక్షత్రాన్ని లోపలి నుంచి తొలుచుకుని బయటపడటానికే పది సెకన్ల వరకు పడుతుంది. అంతకుముందే ఇంజన్ ఆగిపోతే ధార లోపలే ఉక్కిరిబిక్కిరై చల్లారిపోతుంది.

పరిశీలనలు కూడా దీనికి అండగా నిలిచాయి. 1998 ఏప్రిల్ 25 నాటి మెరుపు చోటే ఒక సూపర్నోవా కనిపించింది. 2003 మార్చి 29 నాటి మెరుపుతో పొడుగు మెరుపులకూ సూపర్నోవాలకూ సంబంధం ఉందన్నది సందేహానికి తావు లేకుండా రుజువైంది. 2005 నుంచి స్విఫ్ట్ పొట్టి మెరుపుల చోట్లను పట్టివ్వడం మొదలుపెట్టాక, వాటిలో కొన్ని కొత్త నక్షత్రాలు పుట్టడం ఎప్పుడో ఆగిపోయిన ముసలి గెలాక్సీల వద్ద ఉన్నాయని తెలిసింది. కొద్దికాలమే బతికే భారీ నక్షత్రాలు అక్కడ మిగిలి ఉండవు. చివరికి 2017 ఆగస్టు 17న లైగో, వర్గో పరికరాలు రెండు న్యూట్రాన్ తారల కలయిక నుంచి వెలువడిన గురుత్వ తరంగాలను (స్థలకాలంలో పుట్టే సన్నటి అలలను) అందుకున్నాయి. సరిగ్గా 1.7 సెకన్ల తర్వాత ఫెర్మి ఒక పొట్టి మెరుపును చూసింది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో ఆ చోటును 11 గంటల్లోపే చిలీలోని ఒక మీటరు వ్యాసపు టెలిస్కోపు పట్టుకుంది. పొట్టివి కలయికలు, పొడుగువి కూలిన నక్షత్రాలు అన్న సూత్రానికి ఇక ముద్ర పడినట్టే అనిపించింది.

ఎర్రటి మినుకు ఏం చెబుతుంది

ఆ 2017 సంఘటనలో గామా మెరుపు కంటే దాని వెంట వచ్చిన కాంతి ఎక్కువ సంగతులు చెప్పింది. మొదటి రోజు నీలంగా ఉన్న వెలుగు కొద్దిరోజుల్లోనే ఎరుపెక్కి పరారుణంలోకి జారిపోయింది. దీన్ని కిలోనోవా అంటారు. కలయికలో ముక్కలై బయటికి చిమ్మిన న్యూట్రాన్ తార పదార్థంలో న్యూట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి. అక్కడి పరమాణు కేంద్రకాలు రేడియోధార్మిక క్షయానికి సమయం దొరకనంత వేగంగా న్యూట్రాన్లను మింగుతూ పోయి, ఇనుముకు ఎంతో పైనున్న బరువైన మూలకాలుగా మారతాయి. ఆ మూలకాల క్షయం నుంచి పుట్టే వేడే కిలోనోవా వెలుగు.

ఎరుపు ఎందుకంటే, ఆ పదార్థంలో లాంథనైడ్ వర్గపు మూలకాలు ఏర్పడితే వాటి పరమాణువుల్లో ఎలక్ట్రాన్లు మారగల శక్తి స్థాయుల అమరికలు లెక్కకు మించి ఉంటాయి. ఇంచుమించు ప్రతి రంగు కాంతినీ అడ్డుకునే గీత ఒకటి ఎక్కడో తగులుతుంది. కంటికి కనిపించే కాంతికి ఆ మబ్బు చిక్కటి గోడ. శక్తి లోపలే తచ్చాడి, గీతలు కాస్త పలుచగా ఉన్న పరారుణం దారిన నెమ్మదిగా బయటపడుతుంది. కాబట్టి కొన్ని రోజులకు పరారుణంలో తేలి త్వరగా తగ్గిపోయే వెలుగును చూస్తే, అక్కడ బరువైన మూలకాలు తయారయ్యాయని గట్టిగా అనుమానించవచ్చు. 2017 నాటి కలయికలో బయటికి విసిరేయబడిన పదార్థం సూర్యుడి ద్రవ్యరాశిలో సుమారు 5 శాతమని లెక్కగట్టారు. శాతంలో చిన్నగా కనిపించినా అది పదహారు వేల భూములకు సమానం. 2019లో అదే కాంతిని మళ్లీ విశ్లేషించి అందులో స్ట్రాన్షియం జాడను గుర్తించారు.

ఈ నేపథ్యంలో చూస్తే 2021 డిసెంబర్ నాటి మెరుపు ఎందుకంత కలకలం రేపిందో అర్థమవుతుంది. దాని వెనక వచ్చిన మినుకు 2017 నాటి కిలోనోవాకు అచ్చం తోబుట్టువులా ఉంది. మొదటి 13 సెకన్లలో పదునైన శిఖరాలు, ఆపైన శక్తి తగ్గి మెత్తబడిన వెలుగు సాగింది. మామూలు పొడుగు మెరుపుల్లో తక్కువ శక్తి గల కిరణాలు ఎక్కువ శక్తి గలవాటి కంటే కాస్త ఆలస్యంగా అందుతాయి. ఇందులో ఆ ఆలస్యం లేదు, అది పొట్టి మెరుపుల లక్షణం. అంటే గడియారం ఒక మాట చెబుతుంటే మిగతా సాక్షులందరూ మరో మాట చెప్పారు.

నిజానికి హెచ్చరిక చాలా ముందే వచ్చింది. 2006 జూన్ 14న 102 సెకన్ల పాటు వెలిగిన ఒక మెరుపు 160 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే పుట్టినా, ఎంత వెతికినా సూపర్నోవా దొరకలేదు. అప్పట్లో దాన్ని మినహాయింపుగా పక్కన పెట్టారు. 2015లో పాత కొలతలను తిరగతోడినప్పుడు అందులోనూ కిలోనోవాను పోలిన అదనపు వెలుగు కనిపించింది. రెండోవైపు నుంచి కూడా గీత దాటినవి ఉన్నాయి. 2020 ఆగస్టు 26 నాటి మెరుపు నిడివి దాదాపు ఒక్క సెకను, కానీ దాని చోట తేలింది సూపర్నోవా వెలుగు. బహుశా ధార నక్షత్రాన్ని చీల్చుకుని బయటపడిన మరుక్షణమే ఇంజన్ ఆగిపోయి ఉంటుంది. మరో సెకను ముందు ఆగి ఉంటే మనకు ఏ మెరుపూ కనిపించేది కాదేమో.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం 2023 మార్చి 7 నాటి మెరుపుది. అప్పటి వరకు నమోదైన మెరుపులన్నిటిలో ప్రకాశంలో రెండో స్థానం దానిది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు 29వ రోజున, మళ్లీ 61వ రోజున దాన్ని చూసింది. వర్ణపటంలో 2.15 మైక్రాన్ల వద్ద ఒక వెడల్పాటి ఉబ్బు కనిపించింది. దాన్ని టెల్లూరియం సంతకంగా చదివారు. టెల్లూరియం భూమి మీద ప్లాటినం కంటే అరుదైన మూలకం. పైగా ఆ మెరుపు ఏ గెలాక్సీ లోపలా లేదు. వంద కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీయే దానికి పుట్టిల్లని అంచనా. కానీ అక్కడి నుంచి 1,20,000 కాంతి సంవత్సరాలు, అంటే పాలపుంత వ్యాసమంత దూరం, బయటికి వచ్చాక అది మెరిసింది. భారీ నక్షత్రాలు పుట్టిన చోటి నుంచి అంత దూరం వెళ్లేలోగా వాటి ఆయువు తీరిపోతుంది. న్యూట్రాన్ తారల జంట అయితే, వాటిని పుట్టించిన సూపర్నోవాల తాకిడికి గెలాక్సీ నుంచి విసిరివేయబడి, కోట్ల ఏళ్లు శూన్యంలో తిరుగుతూ చివరికి ఎక్కడో కలిసిపోగలదు.

కలయికలో మిగిలే కొద్దిపాటి మేతతో ఇంజన్ అన్ని సెకన్లు ఎలా నడిచిందన్నదే ఇప్పుడు మిగిలిన ముడి. కొందరు రెండో తార న్యూట్రాన్ తార కాదు, దానికంటే ఎంతో పెద్ద పరిమాణం గల శ్వేత కుబ్జం, అంటే సూర్యుడి లాంటి నక్షత్రం ఆరిపోయాక మిగిలే గుండె, అంటున్నారు. కొందరు న్యూట్రాన్ తారను చీల్చి మింగిన కృష్ణబిలం అంటున్నారు. కలయిక తర్వాత వెంటనే కూలిపోకుండా తీవ్ర అయస్కాంత క్షేత్రంతో కొంతసేపు నిలిచిన కొత్త న్యూట్రాన్ తారే ఇంజనని ఇంకొందరి వాదం. లోపలికి పడే పదార్థాన్ని అయస్కాంత క్షేత్రమే అడ్డగించి నెమ్మదింపజేస్తుందన్న కంప్యూటర్ లెక్కలూ ఉన్నాయి. వీటిలో ఒక్కటే సరైనదవ్వాలని కూడా లేదు.

కుంచెడు వెలుగు, కొండంత లెక్క

మధ్యలో ఒక మాట. ఈ కాలపు మెరుపుల్లో ఎక్కువగా చర్చకు వచ్చినది 2022 అక్టోబర్ 9 నాటిది. సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన ఆ వెలుగు ఫెర్మి పరికరాన్ని లెక్కపెట్టలేని స్థితికి నెట్టింది, భూమి పైవాతావరణంలోని అయనోస్ఫియర్‌ను కదిలించింది. ఇంత ప్రకాశవంతమైనది పదివేల ఏళ్లకు ఒకసారి రావచ్చని అంచనా. దారిలో పాలపుంత ధూళి మబ్బులకు తగిలి చెదిరిన ఎక్స్‌రేలు ఆకాశంలో ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు గీశాయి. ఒక్కో వలయం సైజును బట్టి ఆ ధూళి ఎంత దూరంలో ఉందో లెక్కగట్టారు.

దాని శక్తి గురించి వచ్చే అంకెలు చదివేవారిని తప్పుదారి పట్టిస్తాయి. ఆ వెలుగు అన్ని దిక్కులకూ సమంగా వ్యాపించిందనుకుంటే, సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ల జీవితమంతా వెదజల్లే శక్తికి సుమారు పదివేల రెట్లు వస్తుంది. కానీ చైనా పర్వత ప్రాంతంలోని లాసో పరికరం ఆ మెరుపు నుంచి 64,000కు పైగా అత్యధిక శక్తి ఫోటాన్లను లెక్కించి, వెలుగు తగ్గిన తీరును బట్టి ధార నడిబొడ్డు అక్షం నుంచి 0.8 డిగ్రీ మాత్రమే విప్పారి ఉందని తేల్చింది. అటువంటి రెండు ధారలు కలిసి ఆకాశంలో కప్పేది పదివేలలో ఒక వంతు. పదివేల రెట్లను పదివేలతో భాగిస్తే మిగిలేది ఒక్క సూర్యుడి జీవితకాలపు శక్తి. నడిబొడ్డు చుట్టూ పలుచటి వెలుగు తొడుగు కూడా ఉన్నట్టు తర్వాతి పరిశీలనలు సూచించాయి కనుక అసలు అంకె కొంత పెరుగుతుంది. అయినా అది భౌతిక శాస్త్రానికి మింగుడుపడే పరిధిలోనే ఉంటుంది. మనం సరిగ్గా ఆ ధార గురిలో ఉండటమే అసలు విశేషం.

బంగారం ఖాతా

ఆ మహా మెరుపు మన కథలోకి మరో దారిన కూడా వస్తుంది. కూలిన భారీ నక్షత్రం చుట్టూ సుడి తిరిగే పదార్థంలో కూడా బరువైన మూలకాలు పుట్టవచ్చనీ, విశ్వంలోని బంగారంలో ఎక్కువ వాటా అక్కడిదే కావచ్చనీ 2019లో ఒక సిద్ధాంతం వచ్చింది. అది నిజమైతే ఇంత పెద్ద మెరుపు వెనక ఉన్న సూపర్నోవాలో ఆ ఛాయలు దొరకాలి. దాదాపు ఆరు నెలల తర్వాత జేమ్స్ వెబ్ చూసినప్పుడు అక్కడ ఉన్నది 1998 నాటిదానిని పోలిన మామూలు సూపర్నోవాయే. బరువైన మూలకాల జాడ కనిపించలేదు. ఒక్క పరిశీలనతో సిద్ధాంతం కొట్టుకుపోదు గానీ, పులిని చూస్తామని వెళ్లిన చోట అడుగుజాడ కూడా లేకపోవడం చిన్న విషయం కాదు.

ఇంకోవైపు కొత్త పోటీదారు ఒకటి ముందుకు వచ్చింది. మాగ్నెటార్ అంటే అసాధారణమైన అయస్కాంత క్షేత్రం గల న్యూట్రాన్ తార. 2004 డిసెంబర్ 27న మన గెలాక్సీలోని ఒక మాగ్నెటార్ భగ్గుమంది. సెకనులో కొద్దిభాగం పాటు కళ్లు చెదిరే శిఖరం, దాని వెంట నిమిషాల తరబడి తార తిరిగే లయలో కొట్టుకునే తోక. ఇదే పక్క గెలాక్సీలో జరిగితే తోక నేపథ్యంలో మునిగిపోయి శిఖరం ఒక్కటే మిగులుతుంది, అచ్చం పొట్టి మెరుపులా. 2020 ఏప్రిల్ 15న ఎన్‌జీసీ 253 గెలాక్సీ నుంచి, 2023 నవంబర్ 15న ఎం82 నుంచి వచ్చినవి అలాంటివే. అంటే రెండు సెకన్ల గీతకు ఎడమవైపు బుట్టలో మూడో జాతి కూడా కలిసిపోయి ఉంది. ఆ 2004 నాటి కొలతల్లో శిఖరం తర్వాత కొన్ని నిమిషాలకు వచ్చిన మరో గామా వెలుగు ఇరవై ఏళ్లు వివరణ లేకుండా ఉండిపోయింది. అప్పుడే పుట్టిన బరువైన కేంద్రకాల క్షయమే దానికి కారణమని 2025లో ఒక పరిశోధన బృందం చూపింది. వారి అంచనా ప్రకారం పాలపుంతలో న్యూట్రాన్లను వేగంగా మింగి తయారైన బరువైన మూలకాల్లో 1 నుంచి 10 శాతం మాగ్నెటార్ల వాటా కావచ్చు.

దీన్నిబట్టి బంగారం లెక్కను మెరుపుల నిడివితో ముడిపెట్టలేమన్నది స్పష్టం. పొట్టి మెరుపులను మాత్రమే లెక్కించి కలయికలు ఎన్ని జరుగుతున్నాయో అంచనా వేస్తే, పొడుగు వేషంలో ఉన్న కలయికలు లెక్క నుంచి జారిపోతాయి. మాగ్నెటార్లు, పొట్టిగా ముగిసిన నక్షత్ర పతనాలు అందులో అక్రమంగా చేరతాయి.

గంటల తరబడి మెరిసినది

తాడి తన్నేవాడి తల తన్నేవాడు ఉంటాడన్నట్టు, 2025 జులై 2న వచ్చిన సంకేతం నిడివి చర్చనంతా పక్కకు నెట్టింది. ఒకే చోటి నుంచి గంటల వ్యవధిలో ఫెర్మికి పలుమార్లు గామా మెరుపులు అందాయి. మొత్తం ఏడు గంటలకు పైగా సాగింది. ఏ నక్షత్రమూ రెండుసార్లు కూలదు కనుక మళ్లీ మళ్లీ మెరవడమే మొదటి వింత. 2024 జనవరిలో కక్ష్యలోకి వెళ్లిన ఐన్‌స్టీన్ ప్రోబ్ ఉపగ్రహం పాత నమోదులను చూసుకుంటే ఒక రోజు ముందే అక్కడ ఎక్స్‌రేలు మొదలయ్యాయి. ధూళి దట్టంగా కమ్మిన ఒక గెలాక్సీలో, సుమారు 800 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో జరిగిన ఆ ఘటనకు వివరణలు మూడు నాలుగు ఉన్నాయి. సహచర నక్షత్రం లోపలికి దూరి దాన్ని కడుపులోంచి తినేసిన కృష్ణబిలం ఒకటి. శ్వేత కుబ్జాన్ని చీల్చిన మధ్యస్థాయి కృష్ణబిలం మరొకటి.

ఐన్‌స్టీన్ ప్రోబ్ చూసే మెత్తటి, అంటే తక్కువ శక్తి గల, ఎక్స్‌రేలు నిడివి అన్న మాటకే కొత్త అర్థం తెచ్చాయి. 2024 మార్చి 15న అది గుర్తించిన ఒక దూరపు మెరుపులో ఎక్స్‌రేలు గామా కిరణాల కంటే ఆరు నిమిషాలు ముందే మొదలై, పదిహేడు నిమిషాలకు పైగా సాగాయి. గామా పరికరం ఒక్కటే ఉండి ఉంటే మనం చూసేది ఆ కథలో నడిమి పుట మాత్రమే.

ప్రస్తుతం శాస్త్రజ్ఞులు మెరుపును పేరు పెట్టి పిలవడానికి గడియారాన్ని చివర చూస్తున్నారు. ముందుగా చూసేది వెనక సూపర్నోవా ఉందా, కిలోనోవా ఉందా, గెలాక్సీలో ఏ చోట జరిగింది, చుట్టూ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయా అన్నవి. వీటన్నిటికంటే సూటిగా చెప్పగల సాక్షి గురుత్వ తరంగం. కలిసిన రెండు వస్తువుల బరువులను అది నేరుగా చెబుతుంది. దురదృష్టమేమిటంటే, 2021 డిసెంబర్ మెరుపు, 2023 మార్చి మెరుపు రెండూ లైగో పరికరాలను మెరుగుపరచడం కోసం ఆపి ఉంచిన కాలంలోనే వచ్చాయి. పరిశీలన మళ్లీ మొదలైంది 2023 మే నెలలో. రెండు న్యూట్రాన్ తారలైతే ఆ దూరం లైగో సగటు పరిధికి మించినదే. భారీ కృష్ణబిలం జంటగా ఉంటే అంచున దొరికే అవకాశం ఉండేది. శ్వేత కుబ్జం కలయిక తరంగాలు లైగో వినగల స్థాయికి ఎంతో కింద ఉంటాయి. ఆ రెండు రాత్రులూ పరికరాలు పనిచేస్తూ ఉండి ఏదైనా వినిపించి ఉంటే పక్కన కృష్ణబిలం ఉందో లేదో తేలేది. ఏమీ వినిపించకపోయినా ఆ ఊహకు ఎంత తావుందో కొలవడానికి వీలయ్యేది. ఇప్పుడున్న దత్తాంశంలో ఆ రెండు చోట్లా ఖాళీయే ఉంది.